సాండోమియెష్ చూసి రావడం ఎలా: పోలండ్‌లో ఒక చిన్న పాత ఊరు, రెండు రోజులు

పోలండ్ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫొటోల్లో వార్సా, క్రాకోవ్ తప్ప మూడో ఊరు పెద్దగా కనపడదు. అక్కడ చదువుకుంటున్న పిల్లలు కూడా నాలుగు రోజులు సెలవు దొరికితే ప్రాగ్‌కో బెర్లిన్‌కో బస్సెక్కేస్తారు గానీ, పక్కనే ఉన్న చిన్న ఊళ్ల వైపు చూడరు. అలాంటి ఊరొకటి సాండోమియెష్. ఆగ్నేయ పోలండ్‌లో విస్తులా నది ఒడ్డున, గుట్టల మీద ఉంటుంది. జనాభా పాతిక వేల లోపే.

ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది పొద్దున టూరిస్టు బస్సు దిగి, చౌరస్తాలో ఐస్‌క్రీమ్ తిని, కోట గుమ్మం ముందు ఫొటో దిగి, చీకటి పడేలోపు వెళ్లిపోతారు. మీరు ఆ పని చేయకండి. ఒక రాత్రి ఉండండి. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఈ ఊళ్లో చర్చీలు, గోడలు, కోట అన్నీ ఉన్నాయి, కానీ కథంతా మట్టిది. మంచుయుగంలో గాలి మోసుకొచ్చి పోసిన మెత్తటి పసుపు మట్టి మీద ఊరు కూర్చుంది. దాన్ని లోయెస్ అంటారు. పారతో తేలిగ్గా తవ్వుకోవచ్చు, నిలువుగా కోస్తే గోడలా నిలబడుతుంది, నీళ్లు పడితే మాత్రం జారిపోతుంది. ఊరి కింద సొరంగాలు, ఊరి పక్కన లోయలు, చుట్టూ ఆపిల్ తోటలు, అన్నిటికీ కారణం ఈ మట్టే. కింద చెప్పే వరుసలో చూస్తే ఆ సంగతి మీకే తెలిసిపోతుంది.

ముందు రోజులు ఎంచుకోండి

ఏప్రిల్ చివర, మే మొదట్లో ఆపిల్ పూత. జూన్‌లో అడవి గులాబీలు. సెప్టెంబర్, అక్టోబర్‌లో ఆపిల్ కోత, ద్రాక్ష. ఈ మూడిట్లో ఏదైనా బాగుంటుంది. నా ఓటు సెప్టెంబర్‌కి. జూలై, ఆగస్టుల్లో జనం ఎక్కువ. మే 1 నుంచి 3 దాకా పోలండ్ అంతటా సెలవుల సందడి, ఆ మూడు రోజుల్లో గది దొరకడమే కష్టం. డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడున్నరకే పొద్దుగూకుతుంది, చూసేవి కూడా త్వరగా మూసేస్తారు.

వారం సంగతి కూడా చూసుకోవాలి. సోమవారం చాలా మ్యూజియంలకు సెలవు. ఆదివారం పొద్దునంతా చర్చీల్లో ప్రార్థనలు జరుగుతుంటాయి, ఆ సమయంలో కెమెరా పట్టుకుని లోపల తిరగడం కుదరదు, మర్యాద కూడా కాదు. పైగా 2018లో వచ్చిన చట్టం వల్ల ఆదివారాల్లో సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. శనివారం పెళ్లిళ్ల రోజు. అందుకని మంగళవారం నుంచి శుక్రవారం మధ్యలో రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు మధ్యాహ్నానికి చేరి, రెండో రోజు సాయంత్రం బయల్దేరితే సరిపోతుంది.

ఇండియా నుంచి వచ్చేవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. వీసా మీద ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. పోలండ్‌లోనే చదువుతూ నివాస కార్డు ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు. ఆ కార్డు, కాలేజీ ఐడీ జేబులో ఉంటే చాలు.

ఎలా చేరాలి

టికెట్ సైట్‌లో ఊరి పేరు టైప్ చేసేటప్పుడు చివర ఆర్, జెడ్ అక్షరాలు వస్తాయి. నోటితో అనేటప్పుడు మాత్రం ‘ష్’. ఆ రెండూ ఒకటేనని తెలియక బస్టాండ్‌లో తికమకపడేవాళ్లున్నారు.

క్రాకోవ్ నుంచి గానీ వార్సా నుంచి గానీ బస్సే మంచిది. సుమారు మూడు నాలుగు గంటలు పడుతుంది. లుబ్లిన్, జెషూఫ్ నుంచి ఇంకా దగ్గర. రైళ్లు తక్కువ, చాలాసార్లు మధ్యలో మారాలి. అదీ గాక రైల్వే స్టేషన్ నదికి అవతలి ఒడ్డున ఉంటుంది. అక్కడ దిగితే పాత ఊరు వంతెన దాటి రెండు మూడు కిలోమీటర్లు, అదీ ఎగువకి. సామాను ఉంటే టాక్సీ పిలవండి. బస్టాండ్ మాత్రం పాత ఊరి వైపే ఉంది, నడిచి వెళ్లిపోవచ్చు. రైలు వైపు మొగ్గడానికి ఒక్క కారణం ఉంది. పోలండ్ యూనివర్సిటీలో చదువుతూ 26 ఏళ్ల లోపు ఉన్నవాళ్లకు రైలు టికెట్‌లో 51 శాతం రాయితీ. టికెట్ తీసుకునేటప్పుడు ‘ఉల్గోవి’ అనాలి, అంటే రాయితీ టికెట్. మామూలు టికెట్ ‘నొర్మాల్ని’. మ్యూజియంల దగ్గర కూడా ఇవే రెండు మాటలు. ఐడీ అడుగుతారు, చూపించాలి.

బస్టాండ్‌లో గోడ మీద అంటించిన టైంటేబుల్ చదవడం ఒక విద్య. టైము పక్కన చిన్న అక్షరాలుంటాయి. ‘డి’ అని ఉంటే ఆ బస్సు సోమవారం నుంచి శుక్రవారం దాకానే, పండగలకు లేదు. ‘ఎస్’ అని ఉంటే బడి ఉన్న రోజుల్లోనే తిరుగుతుంది. వేసవి సెలవుల్లో ‘ఎస్’ బస్సు కోసం నిలబడితే అది రాదు. ఏ అక్షరానికి ఏ అర్థమో అదే కాగితం అడుగున రాసి ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసి అనువాదం చేయించుకోండి. చిన్న బస్సుల్లో డ్రైవర్‌కి చేతిలో డబ్బు ఇవ్వాల్సి రావచ్చు, చిల్లర ఉంచుకోండి.

బస, డబ్బు, చిన్న చిన్న నియమాలు

గది పాత ఊళ్లోనే తీసుకోండి. కొత్త ఊళ్లో కాస్త చవకగా దొరుకుతుంది గానీ, రాత్రి పూట చౌరస్తాలో తిరగడమే మీ ప్రయాణంలో సగం ఆనందం. దాన్ని నాలుగు డబ్బుల కోసం వదులుకోవద్దు. ‘నొత్స్‌లెగి’, ‘పొకొయె’ అన్న బోర్డులుంటే అక్కడ గదులు అద్దెకిస్తారని. వీధులు రాళ్లు పరిచినవి, చక్రాల సూట్‌కేసు వాటి మీద చేసే చప్పుడుకు వీధంతా లేస్తుంది. వీపు సంచి మేలు.

ఇక్కడ డబ్బు యూరో కాదు, జ్వోతి. కార్డు దాదాపు అంతటా నడుస్తుంది. ఏటీఎంలో గానీ దుకాణం మెషిన్‌లో గానీ ‘మీ దేశం డబ్బులోకి మార్చి తీసుకోమంటారా’ అని అడిగితే వద్దనండి, జ్వోతిలోనే తీసుకోమనండి. మార్చే రేటు వాళ్లకు లాభంగా ఉంటుంది, మీకు కాదు. నోట్లు మార్చుకోవాలంటే ‘కాంటోర్’ అని బోర్డున్న కొట్లు ఉంటాయి. ఎయిర్‌పోర్టులో మాత్రం మార్చకండి.

కొట్లోకి అడుగు పెట్టగానే ‘జెన్ దొబ్రి’ అనండి, నమస్కారం అన్నట్టు. చెప్పకపోతే ముఖం ముడుచుకుంటారు, చెబితే సగం పని అయినట్టే. హోటల్లో బిల్లుకి నోటు ఇస్తూ మాత్రం ‘జెంకూయె’ అనకండి. అది థాంక్స్ చెప్పడమే అయినా, ఆ క్షణంలో అంటే మిగతా చిల్లర మీరే ఉంచుకోండి అని వాళ్లు అనుకుంటారు. చిల్లర చేతికొచ్చాక చెప్పండి.

సందులో బండి ఒక్కటి లేకపోయినా ఎర్ర లైటు ఉంటే రోడ్డు దాటకండి. పోలీసు చూస్తే జరిమానా రాస్తాడు. దాటేటప్పుడు ఫోన్ చూసుకోవడం కూడా 2021 నుంచి నేరమే. బహిరంగ స్థలాల్లో మందు తాగకూడదు. కుళాయి నీళ్లు తాగొచ్చు, బాటిళ్లు కొనక్కర్లేదు. టాయిలెట్ తలుపుల మీద బొమ్మలుండవు. త్రిభుజం మగవాళ్లకి, గుండ్రం ఆడవాళ్లకి. చాలాచోట్ల దానికి డబ్బు తీసుకుంటారు. అత్యవసరమైతే ఫోన్ నంబర్ 112.

మొదటి సాయంత్రం: పై నుంచి మొదలెట్టండి

సామాను పెట్టేసి నేరుగా ఒపాతోవ్ గేటుకి వెళ్లండి. 14వ శతాబ్దంలో కజిమిర్ మహారాజు కట్టించిన కోటగోడకు మిగిలిన పెద్ద ద్వారం ఇదొక్కటే. ఇటుకల బురుజు, పైన కిరీటం లాంటి అంచు తర్వాతి కాలంలో చేర్చింది. టికెట్ తీసుకుని మెట్లెక్కితే ఊరు మొత్తం కళ్ల ముందు పరుచుకుంటుంది. అక్కడి నుంచి గుర్తుపట్టాల్సినవి మూడు: దక్షిణాన చర్చి, దాని వెనక నది, తూర్పున నల్లటి గుట్టల వరస. రేపంతా మీరు తిరగబోయేది వీటి చుట్టూనే.

కిందికి దిగితే చౌరస్తా, వాళ్ల భాషలో రినెక్. సమతలంగా ఉండదు, ఒక పక్కకి బాగా వాలి ఉంటుంది. మధ్యలో పాత మున్సిపల్ భవనం. 1286లో ఈ ఊరికి పట్టణ హక్కుల శాసనం వచ్చింది. దాంతో పాటు ఒక లాభసాటి హక్కు కూడా వచ్చింది. ఈ దారిన పోయే వర్తకులు సరుకు ఇక్కడ దించి, ఊరివాళ్లకు అమ్మజూపాకే ముందుకు పోవాలి. ఉప్పు, గుడ్డలు, చేపలు, సారా, తర్వాత గోధుమలు. ఇంత సరుకు పెట్టుకోవడానికి చోటెక్కడ? కింద మెత్తటి మట్టి ఉండనే ఉంది. ప్రతి వర్తకుడూ తన ఇంటి కింద నేలమాళిగ తవ్వుకున్నాడు, చాలక దాని కింద ఇంకొకటి. మీరు ఐస్‌క్రీమ్ తింటూ నిలబడ్డ రాళ్ల కింద అంతా బోలు.

బస్సులు వెళ్లిపోయాక చౌరస్తా మళ్లీ ఊరివాళ్లది అవుతుంది. ముసలివాళ్లు కుక్కల్ని తిప్పుతారు, పిల్లలు ఆ వాలులో సైకిళ్లు తొక్కుతారు. హోటళ్లలో వంట మాత్రం తొమ్మిదింటికల్లా ఆపేయొచ్చు, కాబట్టి ముందు తినేసి తర్వాత తిరగండి.

రెండో రోజు పొద్దున: నేల కిందికి

సొరంగాల దారికి ఆ రోజు మొదటి బ్యాచ్‌లోనే వెళ్లండి, స్కూలు పిల్లల గుంపులు వచ్చాక ఇరుగ్గా ఉంటుంది. సొంతంగా తిరగనివ్వరు, గైడ్‌తోనే వెళ్లాలి. గైడ్ పోలిష్‌లో చెబుతారు, ఇంగ్లీషు వివరం దొరుకుతుందేమో టికెట్ దగ్గరే అడగండి. దారి సుమారు 470 మీటర్లు, లోతు 12 మీటర్ల దాకా. ఎండాకాలంలో కూడా లోపల చలి, స్వెటర్ తీసుకెళ్లండి. పొడుగ్గా ఉన్నవాళ్లు తల చూసుకోవాలి. ఇరుకు చోట్ల టెన్షన్ పడేవాళ్లు దీన్ని వదిలేసినా నష్టం లేదు, మిగతా ఊరు పైనే ఉంది.

ఇది టూరిస్టుల కోసం తవ్వింది కాదు. వందల ఏళ్ల నాటి మాళిగల్ని జనం మర్చిపోయారు. నీళ్లు దిగి మట్టి కరగడం మొదలైంది. 20వ శతాబ్దం మధ్యకి చౌరస్తాలో ఇళ్లు బీటలు వారాయి, నేల కుంగింది. 1960ల్లో గని కార్మికుల్ని, క్రాకోవ్ మైనింగ్ అకాడమీ శాస్త్రవేత్తల్ని రప్పించారు. వాళ్లు పాత గుల్లల్ని చాలావరకు పూడ్చేసి, కొన్నిటిని ఇటుకలతో, కాంక్రీటుతో బలపరిచి ఒకదానితో ఒకటి కలిపారు. 1977లో జనానికి తెరిచారు. అంటే మీరు నడిచే దారి సగం మధ్యయుగపు వర్తకులది, సగం గని కార్మికులది. ఏ గోడ ఎవరిదో ఇటుకల్ని బట్టి పోల్చుకోవడానికి ప్రయత్నించండి, నాకు గైడ్ చెప్పే కథల కన్నా అదే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది.

గైడ్ తప్పకుండా హలీనా కథ చెబుతారు. మంగోలుల దాడిలో అయినవాళ్లను పోగొట్టుకున్న అమ్మాయి, శత్రువుల దగ్గరికి వెళ్లి ఊళ్లోకి రహస్య దారి చూపిస్తానని నమ్మించి, వాళ్లను సొరంగాల్లోకి తీసుకెళ్లిందట. ఊరివాళ్లు వెనక నుంచి రాళ్లతో మూసేశారట. ఇది కథే, చరిత్ర కాదు. మంగోలులు వచ్చి ఊరిని తుడిచిపెట్టింది మాత్రం నిజం, మొదట 1241లో, మళ్లీ 1259–60లో.

చర్చి, కోట, చదరంగం

పైకి వచ్చాక దక్షిణం వైపు దిగితే పెద్ద చర్చి. భుజాలు కప్పుకోండి, మగవాళ్లు టోపీ తీసేయాలి. బలిపీఠం ఉన్న ముందు భాగంలో గోడల మీద 15వ శతాబ్దపు చిత్రాలు చూడండి. క్యాథలిక్ చర్చిలో తూర్పు క్రైస్తవుల (ఆర్థడాక్స్) పద్ధతిలో వేసినవి. లిథువేనియా నుంచి వచ్చి పోలండ్ రాజైన యగైలో కాలంలో ఆ తూర్పు పద్ధతి తెలిసిన చిత్రకారుల చేత వేయించారు.

వెనక భాగంలో 18వ శతాబ్దపు తైలవర్ణ చిత్రాలున్నాయి. వాటిలో యూదులు క్రైస్తవ పిల్లల్ని బలిచ్చారన్న అబద్ధపు ఆరోపణని చిత్రించినది ఒకటి ఉంది. ఆ ఆరోపణతో ఈ ఊళ్లో విచారణలు జరిపి మనుషుల్ని చంపారు. చాలాకాలం ఆ చిత్రాన్ని తెరతో మూసి ఉంచారు. 2014లో తెర తీసి, అందులో ఉన్నది జరగలేదని చెప్పే పలక పెట్టారు. చిత్రం చూస్తే ఆ పలక కూడా చదవండి. తర్వాత యూదుల వీధికి వెళ్తే వాళ్ల పాత ప్రార్థనామందిరం కనిపిస్తుంది. ఇప్పుడది ప్రభుత్వ పాత పత్రాల భాండాగారం. ఊళ్లోని యూదుల్ని నాజీలు 1942 అక్టోబర్‌లో బెల్జెట్స్ మరణ శిబిరానికి, 1943 జనవరిలో ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించి చంపారు. ఆ వీధిని దాటేసి ఈ ఊరు చూశామనుకోవడం సరికాదు.

చర్చి పక్కనే చరిత్రకారుడు యాన్ ద్వుగోష్ 1476లో పూజారుల కోసం కట్టించిన ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. టైము తక్కువుంటే దీన్ని వదిలేసి కోటకి వెళ్లండి.

కోటలో ఇప్పుడు మిగిలింది కొంత భాగమే. 1656లో స్వీడన్ సైన్యం వెళ్తూ వెళ్తూ పేల్చేసింది. మిగిలిన భాగం తర్వాత జైలుగా 1959 దాకా నడిచింది. లోపలి మ్యూజియంలో ఒక్క వస్తువు కోసం వెళ్లాలి: చదరంగం పావులు. 1962లో ఇక్కడి సెయింట్ జేమ్స్ చర్చి దగ్గర తవ్వకాల్లో దొరికాయి. మధ్యయుగపువి, చాలా చిన్నవి, 32లో 29 మిగిలాయి. రాజు, మంత్రి అని మొహాలు ఉండవు, అరబ్బుల పద్ధతిలో ఉట్టి ఆకారాలే. మన దేశంలో పుట్టిన ఆట పర్షియా, అరబ్బు దేశాలు దాటి విస్తులా ఒడ్డుకి ఏ రూపంలో చేరిందో ఇక్కడ గాజు పెట్టె ముందు నిలబడి చూడొచ్చు. ఏనుగు ఏదో గుర్తుపట్టగలరేమో చూడండి.

మధ్యాహ్నం: లోయ, కొండ

కోట నుంచి పడమటికి సెయింట్ జేమ్స్ చర్చి. 13వ శతాబ్దంలో ఇటుకలతో కట్టింది, పోలండ్‌లో ఇంత పాత ఇటుక చర్చీలు అరుదు. ఉత్తరం వైపు ద్వారం మీది ఇటుక అల్లికని దగ్గరగా చూడండి. పక్కనే ద్రాక్షతోట. అక్కడి నుంచి కొంచెం దూరంలో రాణి యాద్విగా లోయ. పేరు పెద్దది గానీ నిజానికి వాన నీళ్లు, బండ్ల చక్రాలు కలిసి మట్టిని కోసుకుంటూ పోయిన దారి. రెండు పక్కలా నిలువు మట్టి గోడలు, వాటిలోంచి బయటికి వేలాడే చెట్ల వేళ్లు. పొద్దున నేల కింద చూసిన మట్టే ఇక్కడ ఎండలో కనిపిస్తుంది. నడిస్తే పావుగంట కూడా పట్టదు. వాన పడిన రోజున మాత్రం చెప్పులతో వెళ్లొద్దు, జారుతుంది. గోడల మీద పేర్లు చెక్కేవాళ్లు అక్కడా ఉన్నారు, మీరు చెక్కకండి.

ఓపిక మిగిలితే తూర్పున మిరియాల కొండలకు వెళ్లండి. నిన్న గేటు మీంచి చూసిన నల్ల గుట్టలవే. పలకలు పలకలుగా విరిగే ఆ రాళ్ల వయసు సుమారు 50 కోట్ల ఏళ్లు. రంగు మిరియాల్లా ఉందని ఆ పేరు. అడవి గులాబీల రకాలు పోలండ్ మొత్తంలో ఇక్కడే ఎక్కువ. అందుకే రక్షిత ప్రాంతం, కాబట్టి రాయి గానీ పువ్వు గానీ తీసుకోకూడదు. పాత ఊరి నుంచి గంట నడక. నీళ్లు తీసుకెళ్లండి, పైన కొట్లు ఉండవు.

తిండి

మాంసం తినేవాళ్లకు ఏ బెంగా లేదు. తినని వాళ్లు కాస్త జాగ్రత్త. పియెరొగి అడగండి, ఆకారం అచ్చం మన కజ్జికాయే, అయితే నీళ్లలో ఉడికిస్తారు. లోపల బంగాళాదుంప, పెరుగుజున్ను ఉండే రకాన్ని ‘రుస్కియె’ అంటారు. ఇక్కడే ఒక చిక్కుంది. పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లి తెస్తారు, దాని గురించి మెనూలో ఉండకపోవచ్చు. ‘బెజ్ స్క్వారెక్’ అని ముందే చెప్పండి. పుట్టగొడుగులు, క్యాబేజీ రకం, తియ్యటి పండ్ల రకం కూడా ఉంటాయి. ‘ప్లాట్స్కి’ బంగాళాదుంప అట్లు, ‘నలెష్నికి’ జున్ను పెట్టిన పల్చటి అట్లు. సూపులతో జాగ్రత్త. జురెక్‌లో సాసేజ్ ఉంటుంది, ఎర్రటి బీట్‌రూట్ సూపు కూడా చాలాచోట్ల మాంసం నీళ్లతోనే చేస్తారు. కారం ఆశించకండి. పచ్చడి పొట్లం వెంట ఉంటే ఆ బంగాళాదుంప అట్టు ఇంకో మెట్టెక్కుతుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇది ఆపిల్ ప్రాంతం. ‘షర్లోత్కా’ అనే ఆపిల్ కేకు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. రోడ్డు పక్కన రైతులు అమ్మే ఆపిళ్లు, రసం సూపర్ మార్కెట్ కంటే బాగుంటాయి.

ఏం కొనాలి

అయస్కాంతం బొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇక్కడే దొరికేది చారల చెకుముకి రాయి. బూడిద రంగు మీద తెల్లటి అలల చారలు, ఏ రెండు రాళ్లూ ఒకేలా ఉండవు. దగ్గర్లోని క్షెమియోంకిలో వేల ఏళ్ల క్రితం, రాతియుగపు మనుషులు గొడ్డళ్ల కోసం ఈ రాయిని గనులు తవ్వి తీశారు. ఆ గనులు 2019లో యునెస్కో జాబితాలో చేరాయి. ఇప్పుడు వెండిలో పొదిగి ఉంగరాలు, దుద్దులు చేస్తారు. కంసాలి పనిచేసే కొట్టులోనే కొనండి, రాయి మీరే ఎంచుకోండి.

తిరుగు బస్సు టైము ముందు రోజు రాత్రే చూసి పెట్టుకోండి, సాయంత్రం చివరి బస్సు మీరనుకున్న దానికన్నా ముందే వెళ్లిపోవచ్చు. ఇంకో రోజు చేతిలో ఉంటే, కారు కూడా ఉంటే, బరానూఫ్ కోటని, 17వ శతాబ్దపు క్షిష్తొపూర్ కోట శిథిలాల్ని కలిపి చూడొచ్చు. బస్సుల మీదే ఆధారపడితే మాత్రం ఆ రెండూ ఒకే రోజులో పెట్టుకోకండి.